కిరాయి డ్రోన్‌కు చట్టం ముందు యజమాని ఎవరు?

మెదక్ జిల్లా ఎల్దుర్తి పరిసరాల్లో కమతాలు చిన్నవి. చెరువు కింద మడుల్లో వరి, కాస్త మెట్టకు పోతే మొక్కజొన్న, దాని గట్టు దాటితే పత్తి. ఇటువంటి చోట డ్రోన్‌తో కిరాయికి మందు పిచికారీ చేసే యువకుడు తన పనితోపాటు ఒక అపాయాన్ని కూడా వెంట మోసుకొని తిరుగుతున్నాడు. మొక్కజొన్నలో వెడల్పాకు కలుపు నివారణకు వాడిన 2,4-డి గాలికి కొట్టుకువచ్చి పక్క చేనిలోని పత్తిపై పడితే లేత ఆకులు వేళ్లలా సన్నబడి ముడుచుకొంటాయి, ఎదుగుదల కుంటుపడుతుంది. ఈ మందును పత్తి ఏమాత్రం తట్టుకోలేదన్న సంగతి సస్యశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే. అప్పుడు పత్తి రైతుకు పరిహారం ఎవరు చెల్లించాలి? డ్రోన్ నడిపిన యువకుడా? దాని కొనుగోలుకు సగం సొమ్ము పెట్టిన అతని బావమరిదా? పని చెప్పిన మొక్కజొన్న రైతా? బీమా కంపెనీయా? ఊరిలో పెద్దమనుషులు కూర్చుంటే ఏదో ఒక అంకె తేలవచ్చు. వ్యవహారం న్యాయస్థానానికి చేరితే మాత్రం మొదట వచ్చే ప్రశ్న వేరు: ఈ వ్యాపారం చేస్తున్నది చట్టం దృష్టిలో ఎవరు?

డ్రోన్ వినియోగంపై మనం జరుపుతున్న శిక్షణలలో నాజిల్ రకాలు, తుంపర పరిమాణం, ఎగిరే ఎత్తు, బ్యాటరీ నిర్వహణ వంటి అంశాలకు తగిన చోటు దక్కుతున్నది. పైలట్ తన వ్యాపారాన్ని ఏ రూపంలో నమోదు చేసుకోవాలి, డ్రోన్ ఎవరి పేర ఉండాలి, ఒప్పందం ఎవరు ఎవరితో చేసుకోవాలి అన్న విషయాలు చివరి రోజు చివరి గంటలో ఒక బ్యాంకు అధికారి ఉపన్యాసంగా ముగిసిపోతున్నాయి. ఇది వాణిజ్య శాస్త్రానికి సంబంధించిన సంగతి, మనకు పని లేదు అనుకోవడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మందు గట్టు దాటిన మరుక్షణం అది సస్యరక్షణ సమస్యే.

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నిబంధనలు ఈ రంగానికి తలుపులు తెరిచాయి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయస్సు, పదవ తరగతి ఉత్తీర్ణత ఉన్నవారు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ ధ్రువపత్రం పొందవచ్చు. వ్యవసాయంలో విరివిగా వాడే పది లీటర్ల ట్యాంకు డ్రోన్లు సాధారణంగా 25 కిలోలకు లోబడిన చిన్న తరగతిలోకి వస్తాయి. ప్రతి డ్రోన్‌కు ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. ఎల్దుర్తికి దక్షిణాన దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నందున నర్సాపూర్ వైపు గ్రామాలకు పని ఒప్పుకొనే పైలట్ ప్రతిసారీ మండలాల పటాన్ని చూసుకోవలసి ఉంటుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు.

గమనించవలసినది వేరొకటి ఉన్నది. పైలట్ ధ్రువపత్రం ఎప్పుడూ ఒక వ్యక్తి పేరనే ఉంటుంది. గుర్తింపు సంఖ్య మాత్రం యజమాని పేర ఉంటుంది. ఆ యజమాని వ్యక్తి కావచ్చు, సంస్థ కావచ్చు. మూడవ పక్షానికి జరిగే నష్టానికి బీమా తప్పనిసరి. 250 గ్రాములకు మించని నానో డ్రోన్లకు మాత్రమే మినహాయింపు. డ్రోన్‌ను సొంత పేర కొని, ఏడాది తరువాత సంస్థ పెట్టి, రాయితీని మరొక పేర అడిగి, బీమాను పాత పేరనే కొనసాగించిన పక్షంలో ప్రమాదం జరిగిన రోజున ఈ కాగితాలు ఒకదానినొకటి ఖండించుకొంటాయి. బిల్లు, రుణం, రాయితీ దరఖాస్తు, గుర్తింపు సంఖ్య, బీమా పాలసీ ఈ ఐదింటిలోనూ ఒకే పేరు ఉండాలి. కనుక వ్యాపార రూపాన్ని నిర్ణయించుకోవలసినది డ్రోన్ కొనడానికి ముందు.

ఆ రూపాలేమిటో చూద్దాం. మొదటిది ఏకవ్యక్తి యాజమాన్యం, వాడుకలో ప్రొప్రయిటర్‌షిప్. దీనికి ప్రత్యేక చట్టరూపం లేదు. దుకాణం పేరు ఏదైనా, చట్టం ముందు నిలబడేది ఆ మనిషే. ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్ సంఖ్యలతో రుసుము లేకుండా సూక్ష్మ పరిశ్రమగా నమోదు చేసుకొంటే, ఆ పేరుతో బ్యాంకులో కరెంటు ఖాతా తెరుచుకొంటే పని మొదలైనట్లే. లాభం అతనిదే, అప్పు అతనిదే. నష్టపరిహారం తీర్పు వస్తే అతని సొంత ఆస్తి కూడా జవాబు చెప్పవలసి ఉంటుంది.

రెండవది 1932 నాటి భాగస్వామ్య చట్టం కిందికి వచ్చే సంస్థ. ఇక్కడ గ్రామాల్లో ఎవరూ పెద్దగా ఆలోచించని చిక్కు ఒకటి ఉన్నది. బావమరిది మూడు లక్షలు పెట్టాడు, బావ డ్రోన్ నడుపుతాడు, సీజన్ అయ్యాక వచ్చినదానిని సగం సగం పంచుకొంటారు. కాగితం ఏదీ లేదు. భాగస్వామ్యం ఏర్పడడానికి కాగితమే అవసరం లేదన్నది చాలామందికి తెలియదు. లాభాలు పంచుకొందామన్న ఒప్పందంతో, అందరి తరఫున ఒకరు వ్యాపారం చేస్తుంటే న్యాయస్థానం దానిని భాగస్వామ్యంగా పరిగణించే అవకాశం ఎక్కువ. భాగస్వామి ప్రతి ఒక్కరూ సంస్థ బాధ్యతలన్నిటికీ ఉమ్మడిగానూ విడివిడిగానూ జవాబుదారీ. అంటే ఏనాడూ రిమోట్ ముట్టని బావమరిది భూమి కూడా పత్తి రైతు పరిహారానికి బాధ్యత వహించవలసి రావచ్చు. ఇక నమోదు చేయించని భాగస్వామ్య సంస్థ తన బాకీల కోసం బయటివారిపై దావా వేయలేదు. ఆ చట్టంలోని 69వ సెక్షన్ వంద రూపాయలకు మించని దావాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. 1932లో వంద రూపాయలంటే ఒక మొత్తం. నేడు అర ఎకరం పిచికారీ కిరాయికి కూడా చాలదు. వడ్లు అమ్మినాక ఇస్తామంటూ ఉద్దెర పెట్టే మన పల్లెల్లో ఈ సెక్షన్ ప్రభావం చిన్నది కాదు. జిల్లా రిజిస్ట్రారు వద్ద సంస్థను నమోదు చేయించుకోవడం పెద్ద ఖర్చు లేని పని.

మూడవది 2008 చట్టం ప్రకారం ఏర్పడే పరిమిత బాధ్యతా భాగస్వామ్యం, అంటే ఎల్‌ఎల్‌పీ. నాలుగవది 2013 కంపెనీల చట్టం కింద ఏకవ్యక్తి కంపెనీ లేదా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఇవి చట్టం దృష్టిలో వేరే వ్యక్తులు. సభ్యుల సొంత ఆస్తికి, సంస్థ అప్పులకు మధ్య గోడ కడతాయి. పట్టణాల్లో రిజిస్ట్రేషన్ ఏజెంట్లు ఈ గోడనే చూపించి ఒక్క డ్రోన్ ఉన్న యువకునికి కూడా కంపెనీ కట్టబెడుతున్నారు. కార్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే గౌరవం పెరుగుతుందన్న మోజు కూడా లేకపోలేదు.

ఆ గోడ ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి చూడాలి. ఎల్‌ఎల్‌పీ చట్టంలోని 28వ సెక్షన్ ఇతరుల పొరపాట్లకు భాగస్వామిని బాధ్యుణ్ణి చేయదు. కాని తన సొంత తప్పిదానికి, చేయవలసినది చేయకపోవడానికి ఆ భాగస్వామి వ్యక్తిగతంగా బాధ్యుడేనని స్పష్టంగా చెబుతుంది. కంపెనీ విషయంలోనూ సాధారణ న్యాయసూత్రం ఇదే: నిర్లక్ష్యం చేసిన వ్యక్తి తన నిర్లక్ష్యానికి తాను జవాబు చెప్పక తప్పదు, కంపెనీ అతనితోపాటు బాధ్యత వహిస్తుంది. ఏకవ్యక్తి కంపెనీలో యజమాని, డైరెక్టరు, పైలట్ ముగ్గురూ ఒకే మనిషి అయినప్పుడు గాలి వీస్తున్న వేళ పిచికారీ చేసిన తప్పు నేరుగా అతని మీదకే వస్తుంది. కంపెనీ కాగితం అక్కడ ఆదుకోదు. బ్యాంకు రుణం విషయంలోనూ చిన్న కంపెనీల నుంచి బ్యాంకులు సాధారణంగా వ్యక్తిగత హామీ తీసుకొంటాయి కనుక అక్కడ కూడా గోడకు పెద్ద కన్నమే ఉంటుంది. మిగిలేది తనిఖీ, వార్షిక నివేదికల ఖర్చు. ఏకవ్యక్తి కంపెనీ టర్నోవరు ఎంత తక్కువైనా లెక్కలకు ఆడిట్ తప్పదు. ఎల్‌ఎల్‌పీకి టర్నోవరు 40 లక్షలు లేదా మూలధనం 25 లక్షలు దాటితేనే ఆడిట్ అవసరమైనా, ఏటా రెండు నివేదికలు సమర్పించవలసి ఉంటుంది.

అందువల్ల ఒకే డ్రోన్‌తో తానే పైలట్‌గా పని మొదలుపెట్టే యువకునికి ఏకవ్యక్తి యాజమాన్యమే తగినదని నా అభిప్రాయం. కంపెనీ ఏర్పాటుకు పెట్టే సొమ్మును బీమాకు పెట్టడం మేలు. అయితే పాలసీని చదవాలి. డ్రోన్ కూలి మనిషికి తగిలిన గాయం ఒకటి, మందు చెదరి పక్క పంట మాడిపోవడం మరొకటి. రెండవది పాలసీలో చేరి ఉన్నదా లేదా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా ప్రీమియం కట్టరాదు. ఎల్దుర్తి వంటి చోట జరగడానికి ఎక్కువ అవకాశమున్న నష్టం ఆ రెండవదే.

ఇద్దరు పైలట్లు, రెండు డ్రోన్లు, జీతానికి సహాయకుడు, విత్తన కంపెనీతో వందల ఎకరాల ఒప్పందం వంటి దశకు వ్యాపారం చేరితే లెక్క మారుతుంది. అప్పుడు ఒకరి పొరపాటు మరొకరి ఇంటిమీదికి రాకుండా చూడవలసిన అవసరం నిజంగా ఏర్పడుతుంది. ఎల్‌ఎల్‌పీ గోడ ఉపయోగపడేది అక్కడే.

అయితే ఈ చర్చలో అన్నిటికంటె ముఖ్యమైన అంశం వ్యాపార చట్టాలలో కాక మన సొంత రంగపు చట్టంలోనే ఉన్నది. 1968 క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం వాణిజ్య ప్రాతిపదికన సస్యరక్షణ కార్యకలాపాలు చేపట్టడానికి లైసెన్సు అవసరం. 1971 నిబంధనలు ఆ కార్యకలాపాలను నిర్వచిస్తూ పొలాల్లో చేసే పనిని, డబ్బుకు గాలిలోనుంచి చల్లడాన్ని కూడా అందులో చేర్చాయి; సొంత వాడకాన్ని మాత్రమే మినహాయించాయి. కలుపు మందులు, శిలీంద్రనాశకాలు కూడా ఈ చట్టం పరిధిలోనివే. లైసెన్సు కోరేవారికి వ్యవసాయ పట్టభద్రతగాని, రసాయన శాస్త్రం ఒక అంశంగా సైన్సు పట్టభద్రతగాని, దానితోపాటు నిర్దేశిత సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణగాని ఉండాలన్నది నిబంధన అంటే పొరపాటు. పట్టా, శిక్షణ రెండూ ఉండాలి. ఆ సంస్థలలో ఒకటి రాజేంద్రనగర్‌లోనే ఉన్నది; నేటి జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ.

విమానయాన నిబంధన పదవ తరగతి చాలునంటున్నది, మందుల నిబంధన పట్టా అడుగుతున్నది. పదవ తరగతి చదివి, ధ్రువపత్రం పొంది, అప్పు చేసి డ్రోన్ కొన్న గ్రామీణ యువకుడు ఈ రెండింటి మధ్య నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఈ లైసెన్సు సంగతి అడిగేవారు అరుదు. అడగనంతకాలం సమస్య లేదనిపిస్తుంది; పక్క రైతు పంట పోయిన రోజున అవతలి న్యాయవాది మొదట అడిగేది మాత్రం అదే కావచ్చు. లైసెన్సు లేని పనికి బీమా వర్తించదని కంపెనీ వాదించినా ఆశ్చర్యపడనవసరం లేదు.

ఇక్కడే మన విద్యార్థులకు ఒక దారి కనిపిస్తున్నది. ఏటా పట్టా పుచ్చుకొని పోటీ పరీక్షల వైపు వెళ్లే వ్యవసాయ పట్టభద్రుని వద్ద మందుల నిబంధన కోరే అర్హత ఉన్నది. గ్రామీణ పైలట్ వద్ద ఆకాశంలో యంత్రం నడిపే ధ్రువపత్రం, ఊరి పరిచయం ఉన్నాయి. ఇద్దరూ కలిసి రాతపూర్వక ఒప్పందంతో, నమోదైన భాగస్వామ్యంగానో ఎల్‌ఎల్‌పీగానో ఏర్పడితే రెండు చట్టాలూ ఒకే చోట నెరవేరుతాయి. మందు ఎంపిక, మోతాదు, గాలివేగం చూసి పని ఆపే అధికారం పట్టభద్రునిది. యంత్రం, ఎగిరే పని పైలట్‌ది అని ఒప్పందంలోనే రాసుకోవచ్చు. వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం మార్గదర్శకాలు కూడా ఈ దిశలో కొంత మొగ్గు చూపుతున్నాయి: 2022 జనవరిలో సవరించిన ప్రకారం అద్దె యంత్ర కేంద్రం నెలకొల్పే వ్యవసాయ పట్టభద్రునికి డ్రోన్ ధరలో 50 శాతం, గరిష్ఠంగా 5 లక్షల రూపాయల సాయం, గ్రామీణ పారిశ్రామికులకు 40 శాతం, గరిష్ఠంగా 4 లక్షలు. దరఖాస్తు ఎవరి పేర పెట్టాలన్న ప్రశ్నకు ఇక్కడ ఒక లక్ష విలువ ఉన్నది. డ్రోన్ కొనక ముందే సంస్థ రూపం తేల్చుకోవాలనడానికి ఇది మరొక కారణం.

పన్నుల విషయం చాలామందిని అనవసరంగా భయపెడుతున్నది. పంట ఉత్పత్తికి నేరుగా సంబంధించిన సస్యరక్షణ సేవపై జీఎస్టీ లేదు. కేవలం ఈ పనే చేసేవారు జీఎస్టీ నమోదు చేయించుకోనవసరం లేదు. అదే డ్రోన్‌తో పెళ్లి చిత్రీకరణ, వెంచర్ల సర్వే కూడా మొదలుపెడితే ఆ సేవలు పన్ను పరిధిలోకి వస్తాయి. అప్పుడు 20 లక్షల పరిమితిని లెక్కించేటప్పుడు పిచికారీ రాబడిని కూడా కలుపుతారు. పైలటే మందు కొని రైతుకు అమ్మితే వ్యవహారం పూర్తిగా మారుతుంది, దానికి విక్రయ లైసెన్సు కావాలి. మందు రైతే కొనాలి, రసీదు రైతు పేరనే ఉండాలి. పిచికారీ రాబడి వ్యవసాయ ఆదాయం కాదని, వ్యాపార ఆదాయమని కూడా గుర్తుంచుకోవాలి. రోజుకు 25 ఎకరాలు, ఎకరాకు 400 రూపాయలు, ఏడాదిలో 90 పని దినాలు అనుకొంటే రాబడి 9 లక్షలు. ఏకవ్యక్తి యజమాని టర్నోవరులో నిర్ణీత శాతాన్ని ఆదాయంగా చూపే సులభ పద్ధతిని వాడుకోవచ్చు. ఎల్‌ఎల్‌పీకి ఆ వెసులుబాటు లేదు, దాని లాభంపై 30 శాతం పన్ను. ఆదాయం మరీ తక్కువ చూపితే రెండవ డ్రోన్‌కు రుణం అడిగినప్పుడు బ్యాంకు ఆ రిటర్నునే ఎదుట పెడుతుంది, అది వేరే సంగతి.

మహిళా సంఘాల స్థితి మరికొంత సున్నితమైనది. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 1,261 కోట్ల రూపాయల వ్యయంతో 15,000 స్వయం సహాయక సంఘాలను ఉద్దేశించినది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సాయంగా అందుతుంది. మిగిలిన మొత్తానికి సమాఖ్య రుణం తీసుకోవచ్చు. పది పదిహేను మంది మహిళల సంఘం సాధారణంగా ఏ చట్టం కిందా నమోదై ఉండదు. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన మండల సమాఖ్యకు మాత్రం చట్టరూపం ఉన్నది. డ్రోన్, బీమా, ఒప్పందాలు సమాఖ్య పేర ఉండి, శిక్షణ పొందిన సోదరి వేతనం, ఎకరాకు వాటా పద్ధతిలో పనిచేయడం ఆమెకు క్షేమం. పేరు ఆమెది, అప్పు సంఘానిది, నష్టం ఎవరిదో తెలియనిది అన్న స్థితిలో ఏ మహిళనూ పొలంలోకి పంపరాదు.

సేవ పొందిన రైతు వినియోగదారుడే. నాసిరకం విత్తనాల విషయంలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతులకు వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు ఉన్నదని తేల్చింది. డబ్బిచ్చి పిచికారీ చేయించుకొన్న రైతు విషయంలోనూ అదే తర్కం నడుస్తుంది. కనుక పైలట్ వద్ద ప్రతి పనికీ ఒక పుట ఉండాలి: తేదీ, సర్వే నంబరు, పక్క చేలల్లోని పంటలు, మందు పేరు, బ్యాచ్ సంఖ్య, మోతాదు, గాలి స్థితి, రైతు సంతకం. సర్వే నంబరుకు నాలుగు వైపులా ఏ పంట ఉన్నదో రాసుకొనే అలవాటు ఒక్కటే ఎన్నో తగాదాలను ముందే ఆపగలదు, ఎందుకంటే రాసేటప్పుడు పైలట్ తల తిప్పి పత్తిని చూస్తాడు.

1971 నిబంధనలు గాలి ద్వారా పిచికారీ చేసే ముందు కనీసం 24 గంటల ముందుగా ప్రజలకు తెలియజేయాలని, సంబంధం లేని మనుషులను, పశువులను ఆ ప్రదేశంలోకి రానీయకూడదని, పైలట్‌కు మందుల విష ప్రభావాలపై శిక్షణ ఉండాలని కోరుతున్నాయి. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఒక రైతు వేదిక ఉన్నాయి. రైతు వేదికలో డ్రోన్ పిచికారీకి ఒక నోటీసు పుస్తకం ఉంచి, ముందు రోజు అందులో పైలట్ చేత రాయించడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు. పక్క చేను రైతు దానిని చూసి అభ్యంతరం చెప్పే వీలు కలుగుతుంది; పైలట్‌కు తాను తెలియజేశానన్న సాక్ష్యం మిగులుతుంది.

మన వైపునుంచి చేయవలసినవి రెండు కనిపిస్తున్నాయి. పైలట్ శిక్షణలో ఒక పూర్తి రోజును వ్యాపార రూపం, ఒప్పందం, బీమా, మందుల చట్టాలకు కేటాయించి, ఆ రోజు చివర ప్రతి అభ్యర్థీ ఉద్యమ్ నమోదు, పని పుస్తకం నమూనా, నింపిన ఒప్పంద పత్రం చేతపట్టుకొని వెళ్లేలా చూడవచ్చు. కౌడిపల్లి మండలం తునికిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటివి ఎల్దుర్తి యువతకు దగ్గరలోనే ఉన్నాయి. ప్రతివారినీ రాజేంద్రనగర్‌కు రప్పించనవసరం లేదు. రెండవది, పదవ తరగతి పైలట్ కిరాయి పిచికారీకి మందుల లైసెన్సు విషయంలో ఏమి చేయాలో వ్యవసాయ శాఖ ఒక స్పష్టమైన ఉత్తర్వులో చెప్పాలి: ఒక పట్టభద్రుని పర్యవేక్షణ చాలునా, ఎంతమంది పైలట్లకు ఒక పట్టభద్రుడు, సంస్థ పేర ఒకే లైసెన్సు సరిపోతుందా. వచ్చే వానాకాలం మొక్కజొన్నలో కలుపు మందు కొట్టే రోజులు రాకముందే ఈ ఉత్తర్వు ముసాయిదాను విశ్వవిద్యాలయ విస్తరణ విభాగమే సిద్ధం చేసి శాఖకు పంపవచ్చు.